అంకెల మీటల కథ: పై వరసన ఒకటి ఉండాలా, ఏడు ఉండాలా?

రోజూ చేతితో తాకే వస్తువును మనం పరకాయించి చూడము. టెలిఫోను మీటలను దినానికి పదిసార్లు నొక్కే మనిషిని కళ్ళు మూసుకొని అంకెల వరస చెప్పమంటే, వేలు గాలిలో ఆడించి చూసుకొనిగాని చెప్పలేడు. లెక్కల యంత్రాన్ని, అనగా క్యాలిక్యులేటరును, వాడేవారి సంగతీ అంతే. ఆ రెండింటినీ బల్లమీద పక్కపక్కన పెట్టినప్పుడు ఒక విచిత్రం బయటపడుతుంది. టెలిఫోనులో పై వరసన 1, 2, 3 ఉంటాయి. నడిమి వరసన 4, 5, 6. కింది వరసన 7, 8, 9. లెక్కల యంత్రంలో ఇది తలకిందులు. అక్కడ 7, 8, 9 పైన ఉంటాయి. 1, 2, 3 కింద ఉంటాయి. 0 మాత్రం రెండింటిలోనూ అట్టడుగునే ఉంటుంది.

ఈ తేడా ఈ రెండు వస్తువులతో ఆగలేదు. కంప్యూటరు మీటల పలకకు కుడివైపున ఉండే అంకెల గుంపు లెక్కల యంత్రాన్ని అనుసరిస్తుంది. బ్యాంకు గోడలోని ఏటీఎమ్, దుకాణంలో కార్డు పెట్టే చిన్న యంత్రం సాధారణంగా టెలిఫోనును అనుసరిస్తాయి. బ్యాంకు గుమాస్తా ఖాతా సంఖ్యను ఒక వరసతో కొట్టి, మరుక్షణమే ఖాతాదారుకు ఫోను చేయడానికి ఇంకొక వరసతో కొట్టాలి. మార్కుల జాబితాను కంప్యూటరులో ఎక్కించే ఉపాధ్యాయుని పాటూ ఇదే.

నడిమి వరసలోని 4, 5, 6కూ, అడుగునున్న 0కూ ఈ తారుమారు అంటదు. ఒక వరసకు అలవాటుపడిన వేలు రెండవదానిమీద పడినప్పుడు 1కి బదులు 7, 2కి బదులు 8, 3కి బదులు 9 పడతాయి. ఫోనులో ఇట్లా జరిగితే ఎవరో తెలియనివారు పలుకుతారు, అంతటితో సరి. మార్కుల జాబితాలో జరిగితే ఒక విద్యార్థి నష్టపోతాడు. ఆసుపత్రిలో మందు మోతాదును యంత్రానికి చెప్పేచోట జరిగితే ప్రాణం మీదికి వస్తుంది. కాబట్టి ఈ ప్రశ్నను చిన్న ప్రశ్న అని తోసివేయడానికి వీలులేదు.

ఈ రెండు వరసలలో ఏది ముందు పుట్టినది? రెండవది మొదటిదానిని ఎందుకు అనుసరించలేదు? వెనుకకు పోయి చూస్తే రెండు వేరువేరు మార్గాలు కనిపిస్తాయి. ఒకటి యంత్రం లోపలి చక్రాలనుండి పుట్టిన వరస. రెండవది, వాడబోయే మనుష్యులను ముందుగా పరీక్షించి తేల్చిన వరస.

లెక్కల యంత్రం వరస

1880 తరువాతి దశకంలో అమెరికాలోని చికాగో నగరంలో డార్ ఫెల్ట్ అనే యువకుడు కూడికలు చేసే యంత్రాన్ని తలపెట్టాడు. మొదటి నమూనాకు అతడు వాడిన సామగ్రి మకరోనీ పెట్టె, మాంసం గుచ్చే పుల్లలు, రబ్బరు పట్టీలు. ఆ నమూనా నుండి తయారైన యంత్రానికి కాంప్టోమీటరు అని పేరు. 1887లో దానికి పేటెంటు లభించినది.

కాంప్టోమీటరు ముఖం నిండా మీటలే. ఒకట్ల స్థానానికి ఒక నిలువు వరస, పదుల స్థానానికి ఒక నిలువు వరస, వందలకు మరొకటి, ఇట్లా సాగుతాయి. ప్రతి నిలువు వరసలోనూ 1 నుండి 9 దాకా తొమ్మిది మీటలు ఉంటాయి. ఎనిమిది స్థానాల యంత్రానికి 72 మీటలన్నమాట. పనిచేసేవారికి దగ్గరగా 1, అన్నిటికంటె దూరంగా 9. 347ను చేర్చాలంటే వందల వరసలో 3, పదుల వరసలో 4, ఒకట్ల వరసలో 7 నొక్కాలి. నేర్పు గలవారు మూడు వేళ్ళతో మూడింటినీ ఒకేసారి నొక్కేవారు.

ఈ యంత్రంలో 0కు మీట లేదు. 305ను చేర్చేటప్పుడు పదుల వరసను ముట్టకుండా వదిలివేస్తే చాలు, ముట్టకపోవడమే సున్న. స్థానాలు యంత్రం ముఖంమీదే పరచుకొని ఉన్నాయి గనుక, ఖాళీ స్థానాన్ని వేరుగా చెప్పవలసిన అవసరం రాలేదు.

డెబ్బైరెండు మీటలమీద చేయి తిప్పడానికి చాలా శిక్షణ కావాలి. ఇరవయ్యవ శతాబ్దం ఆరంభంలో పది మీటలతోనే పని జరిపించే యంత్రాలు వచ్చాయి. వీటిలో అంకెలు ఒకదాని తరువాత ఒకటి నొక్కుతారు; నొక్కిన క్రమాన్నిబట్టి యంత్రమే స్థానాలను ఏర్పరచుకొంటుంది. అప్పుడు 0కు మీట తప్పనిసరి అయినది. 305లో నడిమి సున్నను నొక్కకపోతే యంత్రం దానిని 35 అనుకొంటుంది గదా! స్థానవిలువను గురించి తరగతిలో చెప్పే పాఠం ఇక్కడ ఇనుములో రూపుదాల్చినది.

పది మీటలను ఎట్లా పేర్చాలన్నది తరువాతి ప్రశ్న. డాల్టన్ అనే పేరుగల యంత్రంలో వాటిని రెండు అడ్డవరసలుగా పేర్చారు. ఇల్లినాయ్ రాష్ట్రంలోని రాక్‌ఫర్డ్ పట్టణంలో సండ్‌స్ట్రాండ్ సోదరులు 1914 ప్రాంతంలో మూడేసి మీటల చొప్పున మూడు వరసలు వేసి, అడుగున 0ను పెట్టారు. పై వరసన 7, 8, 9. కింద 1, 2, 3. మూడు వేళ్ళు మూడు నిలువు వరసలమీద నిలిస్తే, చూపు కాగితంమీద ఉంచి ఒక చేతితోనే సంఖ్యలు కొట్టవచ్చు.

కాంప్టోమీటరులో దగ్గర 1, దూరాన 9 ఉండేవని చెప్పుకొన్నాము. కొత్త అమరికలోనూ చిన్న అంకెలు చేతికి దగ్గరగా, పెద్ద అంకెలు దూరంగా ఉన్నాయి. ఆ పోలిక స్పష్టంగానే కనిపిస్తుంది. 0 అడుగున నిలవడమూ ఈ క్రమానికి సరిపోయినది. కిందినుండి పైకి చదివితే 0, 1, 2, 3 అని అంకెలు పెరుగుతూ పోతాయి. ఉష్ణమాపకంలో పాదరసం ఎక్కినట్లు, రేఖాచిత్రంలో నిలువు గీత మీద విలువలు పెరిగినట్లు, ఇక్కడ అంకెలు కిందినుండి పైకి ఎక్కుతాయి.

1957లో జపానులోని కాసియో సంస్థ తెచ్చిన విద్యుత్ లెక్కల యంత్రమూ, ఆ తరువాతి ఎలక్ట్రానిక్ యంత్రాలూ ఈ వరసనే తీసుకొన్నాయి. 1981లో ఐబీఎమ్ సంస్థ తన పర్సనల్ కంప్యూటరును తెచ్చినప్పుడు, మీటల పలక కుడివైపున ఇదే వరస చోటుచేసుకొన్నది. ఆనాటికి లక్షలాది గుమాస్తాల చేతులు దీనికి అలవాటుపడి ఉన్నాయి.

ఒక వాడుకదారు ఫిర్యాదు

టెలిఫోను చరిత్ర వేరొక దారిన నడిచినది. మొదట్లో టెలిఫోనుకు అంకెలే లేవు. రిసీవరు ఎత్తగానే ఎక్స్‌ఛేంజిలోని ఆపరేటరు పలికేది. కావలసినవారి పేరు చెబితే ఆమె తీగను తగిన రంధ్రంలో గుచ్చి కలిపేది.

కాన్సస్ సిటీలో ఆల్మన్ స్ట్రోజర్ అనే ఆయన ఉండేవాడు. కొంతకాలం బడిపంతులుగా పనిచేసి, తరువాత శవసంస్కారాలు జరిపించే వ్యాపారంలో దిగాడు. తనకు రావలసిన పిలుపులను ఆపరేటరు తన పోటీదారుకు మళ్ళిస్తున్నదని ఆయన అనుమానం. ఆ ఆపరేటరు పోటీదారుని భార్యేనని కథగా చెప్పుకొంటారు. కథలో నిజమెంతైనా, ఫలితం మాత్రం చరిత్రకెక్కినది. ఆపరేటరు ప్రమేయం లేకుండా, మాట్లాడదలచినవాడే తనకు కావలసిన తీగను ఎన్నుకొనే పద్ధతిని స్ట్రోజర్ రూపొందించాడు. 1891లో పేటెంటు వచ్చినది. 1892 నవంబరులో ఇండియానా రాష్ట్రంలోని లా పోర్ట్ పట్టణంలో ఆ పద్ధతిమీద స్వయంచాలిత ఎక్స్‌ఛేంజి పనిచేయసాగినది.

ఆ తొలి టెలిఫోనులకు మీటలే ఉండేవి, తిప్పే చక్రం లేదు. 47 కావాలంటే పదుల మీటను నాలుగుసార్లు, ఒకట్ల మీటను ఏడుసార్లు నొక్కాలి. నొక్కుళ్ళు లెక్కపెట్టుకోవడంలో జనం పొరబడేవారు. ఆ లెక్కను మనిషినుండి తీసివేసి యంత్రానికి అప్పగించినదే అంకెల చక్రం. 1896లో స్ట్రోజర్ సంస్థలోని కీత్, ఎరిక్సన్ సోదరులు దానిని తయారుచేశారు. 7 దగ్గర వేలుపెట్టి తిప్పి వదిలితే, చక్రం వెనుకకు తిరిగివస్తూ తీగలోని విద్యుత్ప్రవాహాన్ని ఏడుసార్లు తెంపి కలుపుతుంది. ఎక్స్‌ఛేంజి ఆ తెంపులను లెక్కించి సంఖ్యను గ్రహిస్తుంది.

చక్రంమీద 0 ఎక్కడ ఉండాలి? సున్నా తెంపులు అంటే ఏ సంకేతమూ లేనట్లే. కాబట్టి 0కు పది తెంపులు ఇచ్చి, దానిని 9 తరువాత పెట్టారు. లెక్కల యంత్రంలో 0 అనేది 1కి ముందుది. టెలిఫోనులో 9కి తరువాతిది. ఒకే గుర్తు ఒకచోట శూన్యం, మరొకచోట పది! ఈ ఏర్పాటు కూడా అంతటా ఒక్కటిగా లేదు. స్వీడను దేశపు చక్రంలో 0 మొదట వచ్చేది. న్యూజిలాండులో అంకెలను పూర్తిగా తిరగవేశారు. అక్కడ 1 తిప్పితే తొమ్మిది తెంపులు పోయేవి. బ్రిటనులో అత్యవసర పిలుపుకు 1937లో 999 ఏర్పడగా, న్యూజిలాండులో 1958లో 111 ఏర్పడినది. రెండుచోట్లా తీగలో నడిచిన సంకేతం ఒక్కటే.

ఇష్టాయిష్టాలను కొలిచిన ప్రయోగశాల

చక్రం నెమ్మది. 9ని తిప్పితే, అది తిరిగివచ్చేదాకా దాదాపు ఒక సెకను ఆగాలి. రెండవ ప్రపంచయుద్ధం ముగిసిన తరువాత అమెరికాలోని బెల్ ప్రయోగశాలలు చక్రానికి బదులు మీటలను పెట్టే విషయం ఆలోచించాయి. ఈసారి ఒక కొత్త పద్ధతి అవలంబించారు. యంత్రనిపుణుడు తనకు తోచినట్లు మీటలు పేర్చడానికి బదులు, ముందుగా మనుష్యులను పరీక్షించడం మొదలుపెట్టారు.

యుద్ధకాలపు అనుభవం దీనికి దోహదం చేసినది. బి–17 అనే అమెరికా బాంబరు విమానాలు దిగిన తరువాత నేలమీద దెబ్బతినడం పదేపదే జరిగేది. చక్రాలను ముడిచే మీట, రెక్కల చివరి పలకలను కదిపే మీట ఒకే రూపంలో పక్కపక్కన ఉన్నాయనీ, అలసిన చోదకులు ఒకదానికి బదులు మరొకటి లాగుతున్నారనీ ఆల్ఫోన్స్ చపానిస్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞుడు 1943లో గుర్తించాడు. ఒక మీట కొసకు చక్రం ఆకారమూ, మరొకదానికి పలక ఆకారమూ తొడిగించగానే ఆ పొరపాటు అణగినది. పొరపాటు చేతిదిగా కనిపించినా, దానికి మూలం వస్తువు రూపంలోనే ఉన్నదని లోకం తెలుసుకొన్నది.

బెల్ ప్రయోగశాలలలో ఈ శాస్త్రానికి పునాది వేసినవాడు జాన్ కార్లిన్. దక్షిణాఫ్రికాలోని జొహాన్నెస్‌బర్గులో 1918లో పుట్టి, వాయులీనమూ మనస్తత్వ శాస్త్రమూ రెండూ నేర్చినవాడు. 1945లో ప్రయోగశాలలో చేరాడు. వాడుకదారుల ఇష్టాయిష్టాలను పరిశోధించే ప్రత్యేక శాఖ ఆయన పూనికతోనే ఏర్పడినది.

ఆయన పద్ధతికి ఒక నిదర్శనం చూడండి. 1949లో వచ్చిన టెలిఫోను నమూనాలో అంకెలు వేలిరంధ్రాలలోనుండి చక్రం వెలుపలికి జరిగాయి. చూపుకు అంకెలు స్పష్టమయినా, జనం తిప్పే వేగం తగ్గినది. వేలికి గురి చూపే గుర్తు రంధ్రంలో లేకపోవడమే కారణమని తేలినది. రంధ్రాలలో చిన్న తెల్లచుక్కలు పెట్టగానే వేగం తిరిగివచ్చినది.

మరొక కథ కూడా చెబుతారు. రాగి ఖరీదైన లోహం. టెలిఫోను తీగను కురచచేస్తే సంస్థకు చాలా ఆదా. ఎంత కురచచేస్తే వాడేవారు సణుగుతారు? ఈ సంగతి నేరుగా అడిగితే ఎవరైనా పొడుగు తీగే కావాలంటారు. అందుచేత కార్లిన్ మనుష్యులు సహోద్యోగుల గదులలో ఎవరికీ తెలియకుండా మూడురోజులకు ఒక అంగుళం చొప్పున తీగలు కత్తిరించారట. అడుగు మేర తగ్గేదాకా ఎవరూ గమనించలేదట. మనిషి చెప్పే ఇష్టం ఒకటి, అతని వాడుక చూపే అవసరం మరొకటి. రెండింటినీ విడివిడిగా కొలవాలన్నది ఈ శాఖ నేర్పిన పాఠం.

ఖాళీ మీటలతో పరీక్ష

మీటల వరసను గురించి జరిగిన పరీక్షలలో ఒకటి చాలా సులభమైనది, చాలా తెలివైనది కూడా. మేరీ లుట్జ్, పైన చెప్పిన చపానిస్ కలిసి దానిని జరిపి, 1955లో ఫలితాలు ప్రకటించారు. పది ఖాళీ మీటల బొమ్మలను రకరకాల అమరికలలో గీసి మనుష్యుల చేతికి ఇచ్చారు. ఏ మీటమీద ఏ అంకె ఉంటుందని అనిపిస్తుందో రాయమన్నారు. మూడేసి చొప్పున మూడు వరసలున్న బొమ్మలో ఎక్కువమంది పుస్తకం చదివినట్లే, ఎడమనుండి కుడికి, పైనుండి కిందికి 1, 2, 3 అని రాసుకొంటూ పోయారు. లెక్కల యంత్రం వరస ఆనాటికి నలభై ఏళ్ళుగా కార్యాలయాలలో ఉన్నది. అయినా సామాన్యుని మనసులో అది నాటుకోలేదని ఈ పరీక్ష వెల్లడించినది.

ఆ తరువాత బెల్ ప్రయోగశాలలలో డైనింజర్ అనే పరిశోధకుడు నిజమైన మీటలతో పరీక్షలు సాగించి, 1960లో సుదీర్ఘమైన వ్యాసం ప్రచురించాడు. మీటలను రెండు అడ్డవరసలుగా, రెండు నిలువు వరసలుగా, పాత చక్రంలాగా గుండ్రంగా, ఇంకా అనేక విధాలుగా పేర్చి చూశారు. మీట ఎంత లోతు దిగాలి, ఎంత బలంతో దిగాలి, అంకె ఎంత పెద్దదిగా ఉండాలి అనే విషయాలు కూడా పరిశీలించారు. ప్రతి అమరికకూ నొక్కడానికి పట్టిన కాలం, పడిన తప్పులు, నొక్కినవారి ఇష్టం అనే మూడింటినీ రాసుకొన్నారు. మంచి అమరికల మధ్య వేగంలో తేడా స్వల్పమే. మూడేసి చొప్పున మూడు వరసలు, అడుగున 0 అనే అమరిక తక్కువ చోటులో ఇముడుతుంది, తయారీకి అనువైనది, తప్పులలోనూ ఇతరులకు తీసిపోలేదు. చివరకు అదే నిలిచినది. 1963 నవంబరు 18న పెన్సిల్వేనియా రాష్ట్రంలోని కార్నెగీ, గ్రీన్స్‌బర్గ్ పట్టణాలలో మీటల టెలిఫోను వాడుకలోకి వచ్చినది.

ఈ సందర్భంలో ఒక వదంతిని పరిశీలించడం అవసరం. లెక్కల యంత్రానికి అలవాటుపడినవారు అతివేగంగా నొక్కితే ఎక్స్‌ఛేంజి తట్టుకోలేదనీ, వారిని నెమ్మదింపజేయడానికే వరసను తిరగవేశారనీ చాలామంది చెబుతారు. పరీక్షల చరిత్ర దీనికి అనుకూలంగా లేదు. పరిశోధకులు వెదకినది వేగమూ, తప్పులు లేకపోవడమూ. చక్రం నెమ్మదిగా ఉన్నదనే మీటలు తెచ్చినవారు, మళ్ళీ నెమ్మదికోసం వరసను మార్చారనడం పొసగదు.

మీట పాడిన పాట

మీట నొక్కినప్పుడు వినిపించే ధ్వనిలోనూ భౌతికశాస్త్రం ఉన్నది. ప్రతి అడ్డవరసకు ఒక పౌనఃపున్యం, ప్రతి నిలువు వరసకు ఒక పౌనఃపున్యం నిర్ణయించారు. అడ్డవరసలకు 697, 770, 852, 941 హెర్ట్‌జులు. నిలువు వరసలకు 1209, 1336, 1477 హెర్ట్‌జులు. 5ను నొక్కితే రెండవ అడ్డవరసకు చెందిన 770, రెండవ నిలువు వరసకు చెందిన 1336 కలిసి మోగుతాయి. ఏడు స్వరాలతో పన్నెండు మీటలను గుర్తుపట్టవచ్చు. ఒక్క స్వరమే అయితే మనిషి గొంతో, ఈలో దానిని అనుకరించి యంత్రాన్ని పొరపాటు పట్టించవచ్చు. నిర్ణీతమైన రెండు స్వరాలు ఒకేసారి, ఒకే పాళ్ళలో సంభాషణలో తటస్థపడడం అరుదు.

దీనివల్ల ఊహించనంత పెద్ద మార్పు కలిగినది. చక్రం పంపే తెంపులను ఎక్స్‌ఛేంజియే లెక్కించి అక్కడితో ఆపేది. మీటల స్వరం అట్లా ఆగదు. మాట ఎంతదూరం పోతుందో అదీ అంతదూరం పోతుంది. సంబంధం కుదిరిన తరువాత కూడా అవతలి కొసనున్న యంత్రంతో అంకెలద్వారా మాట్లాడవచ్చు. 1968లో నక్షత్రం గుర్తు, నాలుగు గీతల గుర్తు గల రెండు మీటలు అదనంగా చేరాయి. నేడు సంస్థకు ఫోను చేయగానే, తెలుగుకోసం ఫలానా అంకె నొక్కండి, ఫిర్యాదుకోసం ఫలానా అంకె నొక్కండి అని పలికే రికార్డు గొంతు ఈ ఏర్పాటుమీద ఆధారపడినదే. ఆపరేటరు వద్దని స్ట్రోజర్ తన యంత్రాన్ని కట్టాడు. నూరేళ్ళు గడిచేసరికి వాడుకదారులు రికార్డు గొంతు చెప్పే అంకెలన్నీ దాటుకొంటూ మనిషి పలికే మీట ఏదా అని వెదకవలసి వస్తున్నది.

అలవాటు బలం

శాస్త్రజ్ఞులు తేల్చిన ప్రతిదీ జనానికి రుచించలేదు. అమెరికాలో టెలిఫోను సంఖ్యకు ముందు ఎక్స్‌ఛేంజి పేరులోని రెండు అక్షరాలు ఉండేవి. ఫోనులు పెరిగి అక్షరాల కూర్పులు చాలక, అంతా అంకెలే చేస్తామన్నప్పుడు 1962లో శాన్‌ఫ్రాన్సిస్కోలో నిరసన సంఘమే వెలిసినది. భాషాశాస్త్రవేత్త హయకావా అందులో ప్రముఖుడు. పేరును గుర్తుంచుకోవడం తేలిక, ఏడంకెలు కష్టం అని వారి వాదం. మనసులో ఒకేసారి ఏడు వస్తువులకు అటూయిటూగా మాత్రమే నిలుస్తాయని మనస్తత్వ శాస్త్రజ్ఞుడు జార్జి మిల్లరు 1956లో రాసిన వ్యాసం ప్రసిద్ధమే. అయినా కాలక్రమాన అంకెలే గెలిచాయి. మన దేశంలో పదంకెల సెల్‌ఫోను సంఖ్యకు అందరూ అలవాటుపడ్డారు. పదింటినీ మనసులో పట్టలేక, అయిదేసిగానో మరొక విధంగానో విరిచి చెప్పుకొంటారు.

సంఖ్య పొడుగును వాడుకదారు తేల్చిన సందర్భం మరొకటి ఉన్నది. 1967 జూనులో లండనులోని ఎన్‌ఫీల్డులో బార్‌క్లేస్ బ్యాంకు డబ్బిచ్చే యంత్రాన్ని నెలకొల్పినది. దానిని రూపొందించిన జాన్ షెపర్డ్–బారన్ మన దేశంలోని షిల్లాంగులో పుట్టినవాడు. రహస్య సంఖ్యకు ఆయన మొదట ఆరంకెలు అనుకొన్నాడు. తన భార్య నాలుగు మాత్రమే గుర్తుంచుకోగలననడంతో నాలుగు చేశానని ఆయనే తరువాత చెప్పాడు.

ఇక రెండు వరసలలో ఏది మేలు? 1968లో బ్రిటనులో కాన్రాడ్, హల్ అనే పరిశోధకులు రెండింటినీ ఎదురెదురుగా పెట్టి పరీక్షించారు. అంతకుముందు ఏ వరసకూ అలవాటులేనివారు టెలిఫోను వరసతో నూటికి 6.4 తప్పులు, లెక్కల యంత్రం వరసతో 8.2 తప్పులు చేశారు. టెలిఫోను వరస కొంత మెరుగన్నమాట. అయినా లెక్కల యంత్రాల తయారీదారులు తమ వరసను మార్చలేదు. దీనికి వారిని తప్పుపట్టడం న్యాయం కాదు. ఆ ఫలితం కొత్తవారికి సంబంధించినది. ఇరవై ఏళ్ళుగా 7ను పైన వెదికే గుమాస్తా చేతికి ఆ మార్పు సౌకర్యం కాదు, శిక్ష. వరస ఏదైనా ముందుగా చేతిలో పాతుకొన్నదే అతనికి తేలిక.

మన దేశంలో

మన దేశంలో తొలి స్వయంచాలిత ఎక్స్‌ఛేంజి 1913–14లో సిమ్లాలో ఏర్పడినది. 1960లో కాన్పూరు, లక్నోల మధ్య, ఆపరేటరు లేకుండా ఒక ఊరినుండి మరొక ఊరికి నేరుగా చక్రం తిప్పి మాట్లాడే ఎస్టీడీ సౌకర్యం వచ్చినది. 1995లో సెల్‌ఫోను వచ్చినది. తెలుగునాట చాలా ఇళ్ళకు మొట్టమొదటి టెలిఫోను సెల్‌ఫోనే. చక్రాన్ని ఎన్నడూ తిప్పనివారు నేరుగా మీటల దగ్గరకు వచ్చారు.

మీటల ఫోనులో 5 మీద చిన్న బొడిపె ఉంటుంది. చూపులేనివారికి అది కేంద్రబిందువు. దానిని తడిమి మిగిలిన ఎనిమిది దిక్కులా ఏ అంకె ఉన్నదో తెలుసుకోవచ్చు. చీకటిలో చూపున్నవారికీ అదే ఆధారం. అంతర్జాతీయంగా వరస ఒక్కటే కావడంవల్ల ఏ సంస్థ ఫోను కొన్నా ఈ విద్య పనికివస్తుంది. అక్షరాలు చదవలేని వృద్ధులు చోటునుబట్టి అంకెలు నొక్కి పిల్లలతో మాట్లాడడం మనం ఎరిగినదే. 2014లో దేశవ్యాప్తమైన *99# బ్యాంకు సదుపాయం, 2022లో రిజర్వు బ్యాంకు ప్రారంభించిన 123పే సదుపాయం ఇంటర్నెట్టు లేని మామూలు ఫోనుతో డబ్బు పంపడానికి ఉద్దేశించినవి. ఈ పన్నెండు మీటలపై జనానికి కుదిరిన చేతివాటమే వాటికి పెట్టుబడి.

తాకుతెర ఫోనులో మీటలు అసలే లేవు. ఉన్నవి మీటల బొమ్మలు. సాఫ్ట్‌వేరు రాసేవారు తలచుకొంటే వరసను క్షణంలో మార్చవచ్చు. అయినా ఒకే ఫోనులో, సంఖ్య తిప్పే పేజీలో 1 పైన ఉంటుంది; లెక్కలు చేసే పేజీలో 7 పైన ఉంటుంది. చక్రాలూ ఉక్కుమీటలూ పోయినా వాటి నీడలు గాజు పలకమీద నిలిచిపోయాయి. కొన్ని బ్యాంకుల సాఫ్ట్‌వేరు మాత్రం, వేలి కదలికను చూసి రహస్య సంఖ్యను పట్టకుండా, అంకెలను ప్రతిసారీ కలగాపులగం చేస్తుంది. దొంగకు కష్టమే. చోటునుబట్టి నొక్కే వృద్ధునికీ, చూపులేనివారికీ అంతకంటె కష్టం. ఎవరి సౌకర్యం ఎంతవరకు అన్న ప్రశ్న కార్లిన్ కాలంలో ఉన్నట్లే నేడూ ఉన్నది.

తరగతిలో చేయదగిన పరీక్ష

1955 నాటి పరీక్షను ఏ ఉన్నత పాఠశాలలోనైనా కాగితమూ పెన్సిలుతో జరపవచ్చు. మూడేసి చొప్పున మూడు వరసల గళ్ళు గీసి, అడుగు వరస నడుమ ఒక గడి గీయాలి. ఇట్లాంటి కాగితాలు యాభై తయారుచేసి, అంకెలు ఏ గడిలో ఉంటే బాగుంటుందో రాయమని యాభైమందిని అడగాలి. ఒకరిది మరొకరు చూడకూడదు. ఫోను, లెక్కల యంత్రం కంటికి కనిపించరాదు. రాసినవారి వయసునూ, వారు రోజూ వాడే యంత్రాన్నీ కాగితం వెనుక గుర్తుపెట్టాలి. దుకాణంలో లెక్కలు చూసేవారు, ఫోను మాత్రమే వాడే గృహిణులు, చిన్న తరగతుల పిల్లలు అని విడదీసి, ఏ గుంపులో ఏ వరస ఎంతమంది రాశారో లెక్కించాలి.

తరువాత ఇంకొక మెట్టు ఎక్కవచ్చు. ఇరవై సంఖ్యలను రెండు వరసలమీదా కొట్టించి, కాలమూ తప్పులూ రాసుకోవాలి. సగంమంది మొదట ఫోను వరసతో, తక్కిన సగంమంది మొదట లెక్కల యంత్రం వరసతో ప్రారంభించాలి; లేకపోతే రెండవసారి కలిగే అభ్యాసం ఫలితాన్ని చెడగొడుతుంది. చివరకు మీకు ఏది నచ్చినదని అడగాలి. నచ్చిన వరసా, తప్పులు తక్కువ పడిన వరసా ప్రతి మనిషి విషయంలోనూ ఒక్కటే అయినవో లేదో సరిచూడాలి. ఒక్కటి కానిచోట విద్యార్థులు ఆ కాగితాలను విడిగా తీసి, ఆ మనిషి రోజూ వాడే యంత్రం ఏదో వెనుకకు తిప్పి చూడాలి.